కొంత మేడం

ఆవిడ పోయారని నాకు చెప్పింది మా బస్సు కండక్టరు. జగ్గయ్యపేట డిపో దగ్గర ఎక్కుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ ఫిజిక్స్ మేడం గారు రాత్రి పోయారంటండీ, గుండెపోటంట" అంది. నేను ఎప్పుడూ కూర్చునే సీట్లోనే కూర్చున్నాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఆవిడ రిటైరై నాలుగేళ్ళయినా ఆ సీటు నాకు ఆవిడదిగానే తోస్తుంది. చిల్లకల్లు దాటేదాకా నాకు ఆవిడ ముఖం గుర్తుకు రాలేదు. చీర కొంగు చివర మడిచి కిటికీ అద్దం తుడిచే చెయ్యి మాత్రం గుర్తుకొచ్చింది.

పదకొండేళ్ళు ఒకే సీట్లో ప్రయాణం చేశాం. ఆవిడ నందిగామ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను అక్కడే ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తున్నాను. జనం తెచ్చిన అర్జీలు తీసుకుని నంబరు వేసి లోపలికి పంపడం నా పని. ఆవిడ కిటికీ పక్కన, నేను ఇవతల. ఎక్కగానే కొంగుతో అద్దం తుడిచి, అది చాలదనిపిస్తే అద్దం జరిపి, ఒక కన్ను మూసి బయటికి చూసేవారు. దగ్గర్లో నీళ్ళ ట్యాంకు, ఆ తర్వాత సెల్ టవరు, బాగా దూరంగా కొండ. ఈ మూడూ ఆవిడ గుర్తులు.

"ఇవాళ ఎందాక కనపడుతుందండీ?" అని నన్నడిగేవారు. తెలియక కాదు, నా కన్ను వేరే కన్ను కాబట్టి.

నేను మొదట్లో, ఏముంది, మంచు అనేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. మంచు అనేది మీరు అనుకున్నది, చూసింది చెప్పండి అనేవారు. ట్యాంకు కనపడుతుంది, టవరు సగం కనపడుతుంది, కొండ లేదు అని చెప్తే తృప్తిపడి, జడ చివర వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని చూసుకునేవారు. ఆవిడది ఉంగరాల జుట్టు. గాలిలో తేమ ఎక్కువైన రోజున అది ఎంత నూనె రాసినా అణిగేది కాదు. "కాలేజీలో ఉన్న మీటరు కంటే ఇదే నయం, దీనికి బ్యాటరీ అక్కర్లేదు" అని, నవ్వకుండా అనేవారు.

ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు కొంత మేడం. ఏ ప్రశ్న అడిగినా జవాబులో ఆ మాట ఉండేది. ఈ ఎండకి కారణం కొండలు తవ్వెయ్యడమేనా మేడం అంటే, కొంత. పరీక్ష కష్టంగా వస్తుందా అంటే, కొంత. ఆ పేరు ఆవిడకు తెలుసు. బోర్డు మీద ఎవరో రాస్తే, కింద ఎంతో కూడా రాయాల్సింది అని చెరిపేశారట. ఇది నాకు చెప్పింది వాళ్ళ స్టూడెంటే, మా ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి.

ఒక ఏడాది దసరా వెళ్ళాక నాలుగు రోజులు తూర్పు గాలి పట్టింది. వాన లేదు, చలి లేదు, అయినా ఊరంతా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. టవరు కూడా కనపడలేదు. సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యం అన్నాను. జగ్గయ్యపేటలో పుట్టిన వాళ్ళకి అది నోటికి వచ్చే మొదటి మాట. బస్టాండులో కొన్న జామకాయ నా ఒళ్ళో ఉంది. దానితో ఇచ్చిన ఉప్పు పొట్లం తడిసి కాగితానికి అంటుకుపోయింది. ఆవిడ ఆ పొట్లం తీసుకుని విప్పారు.

"దీని మీద నీళ్ళెవరు పోశారు?"

ఎవరూ పొయ్యలేదన్నాను.

"గాలిలోంచి తాగిందండీ. సముద్రం మీద అలలు విరిగినప్పుడు తుంపర లేస్తుంది. నీళ్ళు ఆరిపోతాయి, కంటికి కనపడనంత ఉప్పు గాలిలో మిగిలిపోతుంది. తూర్పు గాలికి బందరు మీదుగా మన దాకా వస్తది. గాలి పొడిగా ఉంటే దాని దోవన అది పోద్ది, మనకి తెలీదు. తేమ ముప్పాతిక వంతు దాటిందంటే మాత్రం ఈ పొట్లంలో లాగే నీళ్ళు తాగి చుక్కయిపోద్ది. లావెక్కిపోద్ది. లావెక్కినదానికి వెలుతురు ఎక్కువ తగిలి, చెదిరిపోద్ది. అందుకే తెల్లగా కనపడేది."

మరి సిమెంటు దుమ్ము సంగతేమిటని అడిగాను. మర్నాడు ఆవిడ రెండు సీసా మూతలు తెచ్చి చూపించారు. రాత్రంతా వాళ్ళ పెరటి గోడ మీద పెట్టారట. ఒకదాంట్లో ఉప్పు కరిగి తడితడిగా ఉంది. రెండో దాంట్లో సున్నపురాయి పొడి, వేలితో తీస్తే పొడిపొడిగా రాలింది. రాతి పొడి నీళ్ళు తాగదు, గాలి ఎలా ఉన్నా అది దాదాపు అంతే ఉంటుంది అన్నారు. అని, ఒక క్షణం ఆగి, హైవే మీద లారీల పొగ పట్టి పాతబడిన దుమ్ము అయితే అదీ కొంత తాగుతుంది అని కలిపారు. అలా కలపకుండా ఆవిడ ఏ మాటా ముగించేవారు కాదు. ఒక్కోసారి నాకు విసుగ్గా ఉండేది.

ఆ అలవాటే ఆవిడ మీదకు ముప్పు తెచ్చింది.

ఆవిడ పుట్టిన ఊరు హైవే మీద దిగి ఆటోలో నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఊరి పేరు రాయను. అక్కడ ఆవిడ అన్న ఉన్నాడు, కొంత మిరప కౌలుకు చేస్తాడు, మిగతా రోజులు కూలికి వెళ్తాడు. తల్లిదండ్రులు పోయాక ఆవిడను చదివించింది ఆయనే. ఊరికి పడమటి వైపు ఒక రాయి క్రషరు పెట్టారు. సున్నపురాయిని కొట్టి పిండి చేసే మిషను. అది వచ్చిన దగ్గర్నుంచి ఆరబోసిన మిరపకాయల మీద తెల్లటి పొర పడుతోంది. ఆయన భార్యకు దగ్గు పట్టుకుంది, మందులకు తగ్గలేదు. ఊళ్ళో జనం అర్జీ పెడదామనుకున్నారు. చదువుకున్న ఆడపడుచు ఉంది కదా అని ఆయన చెల్లెలి దగ్గరికొచ్చి కాగితం రాసిపెట్టమన్నాడు.

ఏం రాయాలన్నది ఊళ్ళో వాళ్ళే నిర్ణయించి ఆయన్ని పంపారు. రోజూ పొద్దున్నే ఏడు గంటలకు క్రషరు దుమ్ము ఊరిని తెల్లటి తెరలా కప్పేస్తోంది, పక్కింటి వాళ్ళు కూడా కనపడటం లేదు అని. అది నిజమే, ఆ చలికాలం అలాగే ఉంది. కానీ ఆవిడ రాయలేదు. ఆ తెర ఆదివారం క్రషరు ఆగినప్పుడు కూడా ఉంటోంది కదా అన్నారు. పొద్దున పూట తేమకి పొయ్యిల పొగా, గడ్డి కాల్చిన మసీ, సముద్రపు ఉప్పూ ఉబ్బి తెల్లగా కనపడతాయి, అందులో క్రషరుది కొంత మాత్రమే, క్రషరు సంగతి మధ్యాహ్నం చూడాలి అన్నారు.

అన్నకు మధ్యాహ్నం అన్న మాట చెవికెక్కలేదు. మధ్యాహ్నం ఆకాశం శుభ్రంగా నీలంగా ఉంటుంది, కొండ దాకా కనపడుతుంది. అప్పుడు దుమ్మేమిటి?

"కొంతేందే? నా పెళ్ళాం దగ్గి దగ్గి చస్తంటే కొంత అంటావేంది? మాలో పుట్టి వాళ్ళ మాట మాట్లాడతన్నావు" అని లేచి వెళ్ళిపోయాడట. ఆవిడ నాకు ఇది చెప్పినప్పుడు కిటికీ వైపే చూస్తున్నారు.

అర్జీ ఎవరో వేరే ఆయన చేత రాయించారు. అది నా దగ్గరికే వచ్చింది. నంబరు వేసి నేనే లోపలికి పంపాను. పది రోజులకు ఒక అధికారి తనిఖీకి వెళ్ళాడు. ఆయన వెళ్ళడానికి మూడు రోజుల ముందే క్రషరు ఆపేశారు. పొద్దున ఏడింటికి ఊళ్ళో దిగితే, ఎప్పటిలాగే ఎదురిల్లు కనపడకుండా తెల్లగా ఉంది. క్రషరు యజమాని అక్కడే ఉన్నాడు. మిషను ఆగి మూడు రోజులైందండీ, మరి ఇదెక్కడిది, ఇది మంచు, ఆదివారాలు కూడా ఇలాగే ఉంటుంది, కావాలంటే వాళ్ళ టీచరమ్మనే అడగండి అన్నాడు. అధికారి ఫిర్యాదులో నిజం లేదని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితం తిరిగి నా బల్ల మీదుగానే ఫైల్లోకి వెళ్ళింది.

టీచరమ్మ చెప్పిన మాట యజమానికి ఎలా తెలిసింది? ఊరంతా ఒకటే అనుకుంది, ఆవిడే చెప్పిందని. ఆ ఏడు క్రిస్మస్‌కి అన్న పిలవలేదు. పుట్టిన ఊరి చర్చికి పిలవకుండానే వెళ్తే, ఆవిడ కూర్చున్న చాప మీద నుంచి ఇద్దరు ఆడవాళ్ళు లేచి వేరే చోట కూర్చున్నారట. ఆవిడ ఆరాధన అయ్యేదాకా కూర్చుని, ఆటోలో హైవేకి వచ్చి బస్సెక్కారు.

నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను, అసలు ఆ క్రషరు యజమానికి ఎవరు చెప్పి ఉంటారని. "ఎవరు చెబితే ఏంటండీ, చెప్పింది నిజమే కదా" అన్నారు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఎందాక కనపడుతుందని నన్ను అడగలేదు. అద్దం తుడిచేవారు, చూసేవారు, అంతే. ఆ రోజుల్లోనే ఒకసారి, దిగే ముందు, నాతో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నారు: "ముందు కాదన్నది చెప్పా. అవునన్నది తర్వాత చెబుదామనుకున్నా. మనుషులు అంతసేపు ఆగరు."

మాఘమాసంలో ఒక రెండో శనివారం నన్ను తోడు రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. ఒంటిగంటన్నరకు ఆ ఊళ్ళో దిగాం. ఎండ బాగా ఉంది, కొండ గీత గీసినట్టు కనపడుతోంది. క్రషరు ఆడుతున్న చప్పుడు ఊరంతా వినపడుతోంది. అన్న ఇల్లు రేకుల ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి తల తిప్పుకున్నాడు. నన్ను చూసి ఆఫీసు మనిషినని గుర్తుపట్టి, లేచి నిలబడ్డాడు.

ఆవిడ తిన్నగా లోపలికి వెళ్ళారు. వదిన మంచం మీద పడుకుని ఉంది. కూర గిన్నె మీద పళ్ళెం మూత, పక్కన మంచినీళ్ళ బిందె. "వదినా, తలుపులేస్తున్నా, కాసేపే" అని కిటికీ మూసి, సందుల్లో పాత చీర కుక్కారు. నాతో, ఆయన్ని లోపలికి రమ్మనండి అన్నారు. నేను పిలిస్తే కాదనలేక వచ్చాడు. ఆవిడ తలుపు వేశారు.

గది చీకటైంది. పైన రేకుకు మేకు ఊడిన చిల్లు ఒకటి ఉంది. అందులోంచి ఎండ సన్నటి కడ్డీలా దిగి మంచం అంచు మీద పడుతోంది. ఆ కడ్డీ నిండా దుమ్ము. పొగలా సుడులు తిరుగుతూ, పైకి లేస్తూ, కిందికి దిగుతూ, ఆగకుండా ఉంది. వదిన దగ్గింది. దగ్గినప్పుడు ఆ దుమ్ము ఆమె నోటి వైపు లాక్కుపోయి మళ్ళీ బయటికి వచ్చింది. అది మేం నలుగురం చూశాం.

"అన్నా, తలుపు తీస్తే ఇది కనపడదు. కానీ ఉంటది. పొద్దున కనపడేది వేరు, నీళ్ళు తాగి లావెక్కింది. ఇది నీళ్ళు తాగదు. ఎండలో సన్నగా ఉండి మన కంటికి ఆనకుండా తిరుగుతది. పొద్దున ఏదో కమ్మిందని రాస్తే వాడు మూడు రోజులు మిషను ఆపి నిన్ను అబద్ధాలకోరుని చేశాడు. దీన్ని ఎలా ఆపుతాడు?"

ఆయన ఆ ఎండ కడ్డీలో చెయ్యి పెట్టాడు. తీసి చూసుకున్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆవిడ ఆవిడే కారు. "ఏ ఇంట్లోనైనా ఎండ పడితే దుమ్ము కొంత కనపడుద్ది. మా ఇంట్లోనూ ఉంటది. అందుకని నా మాట నమ్మబాకు. రేపు ఆదివారం, మిషను ఆడదు. ఇదే టైముకి ఇలాగే తలుపేసి నువ్వే చూడు. ఇంతే ఉంటే, ఇది కూడా వాడిది కాదనుకుందాం" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఆవిడ మీద కోప్పడ్డాను. ఆయన ఇప్పుడే నమ్మాడు కదా, మళ్ళీ రేపు చూడమనడం ఎందుకు, రేపు గాలి అటు తిరిగి ఏ రోడ్డు దుమ్మో వస్తే ఏమవుతుంది అన్నాను. అలా జరగొచ్చు కొంత అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చోవడం అప్పుడు చూశాను. ఆవిడకూ భయంగానే ఉంది.

సోమవారం బస్సులో చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు అన్న ఫోన్ చేశాడట. మూడు నెలల తర్వాత మొదటిసారి. "తగ్గింది" అన్నాడట. ఆ ఒక్క మాటే అని పెట్టేశాడట. చెబుతుంటే ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కొంగుతో తుడుస్తున్నది మాత్రం అద్దాన్ని కాదు.

తర్వాత నెల రోజులు కష్టపడ్డారు. కాలేజీ ల్యాబ్‌లోని గాజు పలకలకు పలచగా వాజిలీన్ పూసి, ఆ ఊరి చర్చి డాబా మీద మధ్యాహ్నాలు పెట్టించారు. పాస్టర్ గారు ఒప్పుకున్నారు. పెట్టేదీ తీసేదీ అన్నే. మిషను ఆడిన రోజు పలకలు ఒక డబ్బాలో, ఆగిన రోజువి ఇంకో డబ్బాలో. పలకల్ని ఎండలో ఆరబెట్టాకే చూసేవారు, లేకపోతే తేమ కూడా దుమ్ములో కలిసి లెక్క తప్పుతుందని. ఆడిన రోజు పలక మీద ల్యాబ్ యాసిడ్ చుక్క వేస్తే సన్నగా బుడగలొచ్చేవి. సున్నపురాయికే అలా వస్తుందట. ఆగిన రోజు పలక మీద ఒకటీ అరా. ఆ ఒకటీ అరా కూడా రాయించారు.

రెండో అర్జీ ఆవిడ చేతి రాతలో నా బల్ల మీదకు వచ్చింది. పదకొండు మంది సంతకాలు, అన్నది మొదటిది, ఆవిడది చివరిది. అందులో తెల్లటి తెర అన్న మాటే లేదు. పొద్దున కనపడే తెరలో క్రషరు వాటా కొంతే అని మొదటి పేరాలోనే ఉంది. ఇలా మనకే వ్యతిరేకంగా ఎవరైనా రాసుకుంటారా అని అడిగాను. క్రషరు యజమాని చెప్పబోయేది మనమే ముందు చెప్పేస్తే, ఆయనకి చెప్పడానికి ఇంకేం మిగలదు అన్నారు. చివర ఒక విన్నపం ఉంది. మిషను ఆడే రోజున, చెప్పకుండా, సాయంత్రం నాలుగు గంటలకు రండి, ఊరి చివర సూర్యుడికి ఎదురుగా నిలబడి చూడండి, వీపు సూర్యుడికి పెట్టి చూస్తే మీకు ఏమీ కనపడదు అని.

ఈసారి వెళ్ళింది కొత్తగా వచ్చిన ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ. చెప్పకుండానే వెళ్ళింది, చెప్పినట్టే నిలబడింది. వాలుతున్న ఎండలో మిషను నుంచి ఊరి దాకా దుమ్ము వెలుగుతూ పరుచుకుని ఉందట. తన ఫోన్లో ఫొటో తీసుకుంది, గాజు పలకల డబ్బాలు వెంట తీసుకెళ్ళింది. క్రషరు మూతపడలేదు. రాయి మోసే బెల్టుకు పైన రేకులు కప్పించారు, నీళ్ళు చల్లే గొట్టాలు పెట్టించారు, ఊరి వైపు ఎత్తుగా గోడ కట్టించారు. కొన్నాళ్ళు నీళ్ళు చల్లడం మానేస్తే మళ్ళీ అర్జీ పెట్టారు, మళ్ళీ చల్లారు. మిరపకాయ ఎర్రగా ఎండింది. వదిన దగ్గు పూర్తిగా పోలేదు, రాత్రిళ్ళు నిద్రపోగలుగుతోంది.

అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. ఊళ్ళో సగం మంది మాత్రం, మొదటిసారి మాట జారింది ఆమేలే, తర్వాత దిద్దుకుంది అనే అనుకున్నారు. ఆవిడ దాని గురించి ఎక్కడా ఎత్తలేదు. రిటైరయ్యే దాకా అదే సీటు, అదే కిటికీ.

ఆవిడ పోయిన తర్వాత చేసే ప్రార్థన, ఆదరణ కూటం, ఆ ఊరి చర్చిలోనే పెట్టారు. నేను వెళ్ళాను. పాస్టర్ గారు ఆవిడ విశ్వాసం గురించి, పిల్లలు ఆవిడ పాఠాల గురించి చెప్పారు. భోజనాలయ్యాక ఆటో ఎక్కించడానికి అన్న నాతో రోడ్డు దాకా నడిచాడు. ముసలివాడయ్యాడు. ఆటో రావడానికి టైము పట్టింది.

"అమ్మా, మీతో రోజూ కూర్చునేది కదా. క్రషరోడికి ఎవరు చెప్పారో మీతో ఏమన్నా అందా?" అని అడిగాడు.

పేరేమీ చెప్పలేదని అన్నాను.

ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. చెల్లెలి మీద కోపంతో లేచొచ్చిన రోజు సాయంత్రం, హైవే మీద టీ కొట్టు దగ్గర పైఊరి వాళ్ళు పదిమందిలో అరిచాడట. మా చెల్లి చూడండి, ఆదివారం కూడా ఉంటుంది, అది వాడిది కాదు అంటోంది అని. క్రషరు మేస్త్రీ అక్కడే టీ తాగుతున్నాడు. ఆ మేస్త్రీని ఈయన చూశాడు కూడా. తర్వాత ఊరంతా చెల్లెల్ని అంటుంటే నోరు విప్పలేకపోయాడు. కాగితం గెలిచాక చెబుదామనుకున్నాడు, అప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

"దానికి తెలుసంటారా?"

నాకు తెలిసిందే చెప్పాను. నేను ఒకసారి అడిగితే, ఎవరు చెబితే ఏంటి, చెప్పింది నిజమే కదా అన్నారని.

ఆయన తల ఊపాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఊళ్ళో అది ఆ మాట ఒక్కళ్ళకి మాత్రమే చెప్పింది, నాకు, అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు కాబట్టి, బయటపెట్టింది నేనేనని దానికి తెలిసే ఉంటుంది అన్నాడు. ఆటో దూరంగా కనపడింది.

"వచ్చే ఆదివారం చర్చిలో లేచి చెబుదామనుకుంటన్నా అమ్మా. పోయాక చెప్పి ఏం లాభం అంటారేమో."

నేను అనలేదు. చెప్పమన్నాను.